వైజాగ్ ఎయిర్‌పోర్ట్: ప్యాసింజర్లు భోగాపురం వెళ్లాక పాత రన్‌వే ఎవరిది? 1942 బాంబుల నుంచి కిన్‌లాస్ బ్యారక్స్ దాకా అసలు కథ

శుక్రవారం సాయంత్రం కోకాపేట ఆఫీసుల నుంచి బయటపడే వాళ్లలో వైజాగ్ వాళ్లు ఎంతమంది ఉంటారో లెక్క చెప్పలేం గానీ, చాలామందే ఉంటారు. బ్యాక్‌ప్యాక్‌తోనే ఓఆర్ఆర్ ఎక్కి శంషాబాద్ చేరితే, గంటంపావులో వైజాగ్. కిందికి దిగుతుంటే కిటికీలోంచి కొండలు, పోర్టులో నిలబడ్డ ఓడలు కనిపిస్తాయి. విమానం ఆగకముందే ఒక అనౌన్స్‌మెంట్ వస్తుంది. ఇది డిఫెన్స్ ఎయిర్‌పోర్టు, ఫొటోలు తీయకూడదు అని. చాలామంది దాన్ని సరిగా వినరు. ఫోన్ అప్పటికే ఆన్ అయిపోయి ఉంటుంది కదా!

కానీ ఆ ఒక్క మాటలోనే అసలు విషయం ఉంది. మనం 'వైజాగ్ ఎయిర్‌పోర్టు' అని పిలిచేది నిజానికి నేవీ ఎయిర్‌ఫీల్డ్. పేరు ఐఎన్ఎస్ డేగ. రన్‌వే నేవీది, మనం అక్కడ అతిథులం. ఇప్పుడు ఆ అతిథులు ఇల్లు ఖాళీ చేసే టైమ్ దగ్గరపడింది.

2026 జనవరి 4న భోగాపురంలోని అల్లూరి సీతారామరాజు ఇంటర్నేషనల్ ఎయిర్‌పోర్టు రన్‌వే మీద ఢిల్లీ నుంచి వచ్చిన ఎయిరిండియా విమానం టెస్ట్ ల్యాండింగ్ చేసింది. కేంద్ర పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు అందులోనే వచ్చారు. 2026 మధ్యలో ప్యాసింజర్ సర్వీసులు మొదలుపెట్టాలన్నది టార్గెట్. అప్పటినుంచీ సోషల్ మీడియాలో ఒకటే ప్రశ్న తిరుగుతోంది. పాత ఎయిర్‌పోర్టు ఏమవుతుంది? అక్కడి భూమి ఎవరికి పోతుంది? "సిటీ మధ్యలో అంత ఖాళీ జాగా, వేలం వేస్తే వేల కోట్లు" అనే రీల్స్ కూడా వచ్చేశాయి.

కోకాపేటలో కూర్చుని చూస్తే ఆ ఆలోచన రావడం సహజమే. 2023 ఆగస్టులో ఇక్కడి నియోపోలిస్ వేలంలో ఎకరం 100.75 కోట్లు పలికింది. 2025 నవంబరులో అది 151.25 కోట్లకు వెళ్లింది. ఖాళీ స్థలం కనిపిస్తే చాలు, మనసులో క్యాలిక్యులేటర్ మొదలవుతుంది. అయితే సైనిక ఎయిర్‌ఫీల్డ్ విషయంలో ఆ క్యాలిక్యులేటర్ పనిచేయదు. ఎందుకో అర్థం కావాలంటే 1942 ఏప్రిల్ దాకా వెనక్కి వెళ్లాలి.

ఆ సోమవారం ఏం జరిగింది?

1942 ఏప్రిల్ 6. ముందురోజే, ఈస్టర్ ఆదివారం నాడు, జపాన్ విమానాలు కొలంబో మీద దాడి చేశాయి. మర్నాడు వంతు మనది. బంగాళాఖాతంలోకి వచ్చిన జపాన్ నౌకాదళంలోని ర్యూజో అనే చిన్న విమాన వాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. తెలుగు నేల మీద శత్రు విమానాల బాంబులు పడింది అప్పుడే. విశాఖలో జనం ఇళ్లకు తాళాలు వేసి, దొరికిన బండి కట్టుకుని పల్లెలకు వెళ్లిపోయారు. మా అమ్మమ్మ తరం వాళ్లు 'బాంబులు పడ్డ ఏడాది' అని చెప్పుకున్న ఏడాది అది.

విశాఖే ఎందుకు? అక్కడ 1933 నుంచి పోర్టు ఉంది. 1941లో సింధియా షిప్‌యార్డుకు రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. తూర్పు తీరంలో కలకత్తాకీ మద్రాసుకీ మధ్య ఓడలు గాలివానకు దాక్కోగలిగే లోతైన రేవు అదొక్కటే. డాల్ఫిన్స్ నోస్ కొండ అడ్డుగా ఉండటం వల్ల సహజంగా రక్షణ ఉన్న చోటు. శత్రువుకు ఏది విలువైనదో, మనకీ అదే విలువైనది.

ఆ యుద్ధకాలంలోనే బ్రిటిష్ వాయుసేన విశాఖలో ఎయిర్‌ఫీల్డ్ నడిపింది. ఒక్క విశాఖే కాదు. ఆ రోజుల్లో తీరం వెంబడి, కాస్త లోపలికి కూడా, హడావుడిగా రన్‌వేలు వేసుకుంటూ పోయారు. ప్రకాశం జిల్లా దొనకొండ, పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం, తమిళనాడు వైపు అరక్కోణం... అన్నీ ఆ వరసలోవే. యుద్ధం అయిపోయింది, బ్రిటిష్ వాళ్లు వెళ్లిపోయారు, రన్‌వేలు మిగిలాయి. ఒక్కోదాని తలరాత ఒక్కోలా సాగింది. తాడేపల్లిగూడెం రన్‌వే ఊరి మధ్య పాత జ్ఞాపకంలా మిగిలింది. దొనకొండలో ఎయిర్‌పోర్టు వస్తుందని ప్రతి ఎన్నికల ముందూ వింటూనే ఉంటాం. అరక్కోణం మాత్రం పూర్తిగా వేరే దారి పట్టింది. దాని సంగతి తర్వాత చూద్దాం.

డేగ ఎలా వాలింది?

విశాఖ ఎయిర్‌ఫీల్డ్ బతికి బట్టకట్టడానికి కారణం నేవీ. 1968 మార్చి 1న తూర్పు నౌకాదళ కమాండ్ ఏర్పడింది, హెడ్ క్వార్టర్ విశాఖ. నాలుగేళ్లు తిరగకుండానే 1971 యుద్ధం. డిసెంబరు 3-4 మధ్య రాత్రి పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ విశాఖ తీరానికి దగ్గర్లోనే మునిగిపోయింది. దాంతో విశాఖ అంటే పోర్టు మాత్రమే కాదు, యుద్ధంలో ముందు వరస అని ఢిల్లీకి కూడా అర్థమైంది.

ప్యాసింజర్ విమానాలు రావడం 1981లో మొదలైంది. రోజుకు ఒక్క ఫ్లైట్! ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. నేవీ తన ఎయిర్ స్టేషన్‌ను అధికారికంగా ఐఎన్ఎస్ డేగగా కమిషన్ చేసింది 1991 అక్టోబరు 21న. నౌకాదళం తన ఎయిర్ స్టేషన్లకు వేటపక్షుల పేర్లు పెడుతుంది. గరుడ, రాజాలి, ఉత్క్రోశ్ అన్నీ ఆ వరసే. మనకు మాత్రం అచ్చ తెలుగు పక్షి దక్కింది.

పాత రన్‌వే పొడవు 6 వేల అడుగులు, అంటే కిలోమీటరున్నర దాటి కొంచెం. పెద్ద విమానాలకు అది చాలదు. 2007లో 10 వేల అడుగుల కొత్త రన్‌వే వచ్చింది. 2009లో కొత్త టెర్మినల్ తెరిచారు. ఆ తర్వాత దుబాయ్ లాంటి చోట్లకి నేరుగా ఫ్లైట్లు. ఇప్పుడు ఏడాదికి పాతిక లక్షలకు పైనే ప్రయాణికులు ఈ టెర్మినల్ వాడుతున్నారు.

కానీ ఒకే రన్‌వే మీద ఇద్దరు యజమానుల కాపురం ఎప్పుడూ కష్టమే. చుట్టూ కొండలు, పక్కన మేఘాద్రిగెడ్డ నీళ్లు, ఆపైన నేవీ టైమింగ్స్. రన్‌వే రీసర్ఫేసింగ్ కోసం రాత్రి 9 నుంచి ఉదయం 8 దాకా మూసేస్తామని నేవీ చెప్పినప్పుడు ఎంత గోల జరిగిందో గుర్తుంది కదా. నేవీ తప్పని ఎవరూ అనలేరు. పదేళ్లకోసారి రన్‌వే పైపొర మార్చకపోతే అది ప్రాణాల మీదికి వస్తుంది. అలాగని తెల్లవారి ఫ్లైట్ పట్టుకుని హైదరాబాద్‌లో ఆఫీసుకు వెళ్లాల్సిన వాడి బాధా అబద్ధం కాదు. ఇద్దరికీ న్యాయం జరగాలంటే రెండు రన్‌వేలు కావాలి. భోగాపురం పుట్టింది ఈ తగువులోంచే.

భోగాపురం లెక్క

అది కూడా సులువుగా రాలేదు. 2015లో మొదట అనుకున్నది 5 వేల ఎకరాలకు పైనే. రైతులు రోడ్డెక్కారు. తర్వాత 2,700 ఎకరాలకు తగ్గింది, చివరికి ఎయిర్‌పోర్టుకు సుమారు 2,200 ఎకరాలు తేలింది. శంకుస్థాపనలు రెండు జరిగాయి. 2019 ఫిబ్రవరి 14న చంద్రబాబు నాయుడు చేశారు, 2023 మే 3న జగన్ చేశారు. మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట... ఈ నాలుగు ఊళ్ల జనం ఇళ్లు వదిలి పక్కకు జరిగారు. 3,800 మీటర్ల రన్‌వే మీద మొదటి విమానం దిగిన వీడియోను లక్షల మంది చూశారు. ఆ రన్‌వే ఉన్న చోట ఎవరి ఇల్లు ఉండేదో చెప్పే వీడియోలు మాత్రం చాలా తక్కువ.

కట్టింది జీఎంఆర్. శంషాబాద్ కట్టింది కూడా వాళ్లే. భోగాపురం మొదలయ్యాక విశాఖలో పౌర విమానాలు 30 ఏళ్ల పాటు ఆపేస్తామని కేంద్రం ముందే చెప్పింది. ఇది మనకు కొత్త కాదు. హైదరాబాద్‌లో ఇదే సినిమా చూశాం.

2008 మార్చి 23. ఆ రోజు బేగంపేటలో ప్యాసింజర్ సర్వీసులు ఆగి, శంషాబాద్ మొదలైంది. అంతకుముందు బేగంపేట మూసేయొద్దంటూ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఉద్యోగులు దేశవ్యాప్తంగా ఆందోళన చేశారు. శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపు ఇంకో ఎయిర్‌పోర్టు రాకూడదన్న షరతు కూడా పెట్టారు. వరంగల్ మామునూరు ఇన్నేళ్లు ఆగిపోవడానికి అదో పెద్ద కారణం. చివరికి 2025 ఫిబ్రవరిలో జీఎంఆర్ ఒప్పుకున్నాక గానీ మామునూరుకు కేంద్రం నుంచి క్లియరెన్స్ రాలేదు.

ఇంకో సంగతి ఉంది. శంషాబాద్ 2008 మార్చిలో తెరిచారు. సిటీ నుంచి దానికి దారి చూపించే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే 2009 అక్టోబరులో గానీ రాలేదు. అంటే ఏడాదిన్నరకు పైగా జనం ఆరాంఘర్ ట్రాఫిక్‌లో పడి ఫ్లైట్లు మిస్సయ్యారు. విశాఖ వాళ్లు ఇప్పుడే ఇది గుర్తుపెట్టుకోవాలి. భోగాపురం సిటీకి 45 కిలోమీటర్ల దూరం. గాజువాక, అనకాపల్లి వైపు వాళ్లకి ఇంకా ఎక్కువ. ఇప్పుడు గాజువాకలో ఉన్నవాడు ఆటోలో ఎయిర్‌పోర్టుకు పోతాడు. రేపు మొత్తం సిటీ దాటి, మధురవాడ దాటి, ఆనందపురం దాటి పోవాలి. కోకాపేట నుంచి శంషాబాద్‌కి, శంషాబాద్ నుంచి భోగాపురానికి వచ్చే టైమ్ కంటే, భోగాపురం నుంచి గాజువాక ఇంటికి చేరే టైమ్ ఎక్కువైతే ఆశ్చర్యం లేదు.

మరి పాత ఎయిర్‌ఫీల్డ్?

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. ప్రపంచంలో సముద్రం ఒడ్డున ఉన్న సైనిక ఎయిర్‌ఫీల్డ్‌లకు చివరికి ఏం జరుగుతుంది? దీనికి బాగా చెప్పుకోవాల్సిన కథలు బ్రిటన్‌లో ఉన్నాయి. మనకు రన్‌వేలు వేసి వెళ్లింది వాళ్లే కాబట్టి, వాళ్లు తమ రన్‌వేలను ఏం చేశారో చూడటం న్యాయమే.

స్కాట్లాండ్ ఈశాన్య తీరంలో కిన్‌లాస్ అనే చిన్న ఊరు ఉంది. 1939లో అక్కడ వాయుసేన స్టేషన్ తెరిచారు. యుద్ధం తర్వాత అది సముద్రం మీద గస్తీ తిరిగే విమానాలకు ఇల్లు అయింది. నిమ్రాడ్ అనే జెట్‌లు అక్కడి నుంచి లేచి, ఉత్తర అట్లాంటిక్‌లో సోవియట్ సబ్‌మెరైన్ల కోసం వెతికేవి. 2006 సెప్టెంబరులో కిన్‌లాస్‌కు చెందిన ఒక నిమ్రాడ్ అఫ్గానిస్తాన్‌లో మంటల్లో చిక్కుకుని కూలిపోయింది. అందులో ఉన్న 14 మందీ చనిపోయారు. ఆ ఊళ్లో ప్రతి కుటుంబానికీ అది సొంతింటి దుఃఖం లాంటిది.

తర్వాత 2010 అక్టోబరులో లండన్ ప్రభుత్వం ఖర్చు తగ్గించుకోవాలని కొత్త నిమ్రాడ్ ప్రాజెక్టును రద్దు చేసింది. అప్పటికే కట్టిన విమానాలను ముక్కలు చేసి పడేశారు. కిన్‌లాస్‌కు పని లేకుండా పోయింది. పక్కనే ఉన్న లాసీమౌత్ స్టేషన్ కూడా పోతుందేమోనని భయపడి వేల మంది జనం వీధుల్లో ఊరేగింపు తీశారు. చిన్న ఊళ్లు అవి. దుకాణం, బడి, అద్దె ఇల్లు అన్నీ ఆ యూనిఫాం జీతాల మీదే నడుస్తాయి. లాసీమౌత్ దక్కింది, కిన్‌లాస్ మూతపడింది. 2012లో కేంబ్రిడ్జి దగ్గరి వాటర్‌బీచ్ నుంచి ఆర్మీ ఇంజనీర్ల రెజిమెంట్‌ను తీసుకొచ్చి అక్కడ దింపారు. వాయుసేన స్టేషన్ కాస్తా 'కిన్‌లాస్ బ్యారక్స్' అయింది.

ఇక్కడితో ఆగితే మామూలు కథే. కానీ అసలు ట్విస్ట్ తర్వాత ఉంది. బ్యారక్స్ చేసినా రన్‌వేని తవ్వెయ్యలేదు. నిమ్రాడ్‌లు తీసేశాక బ్రిటన్‌కు ఏళ్ల తరబడి సొంత సముద్ర గస్తీ విమానమే లేదు. రష్యా సబ్‌మెరైన్లు మళ్లీ తిరగడం మొదలెట్టాక కళ్లు తెరిచి అమెరికా నుంచి పీ-8 పొసైడన్లు కొన్నారు. 2020 ఫిబ్రవరిలో మొదటి పొసైడన్ బ్రిటన్ చేరింది. ఎక్కడ దిగిందో తెలుసా? లాసీమౌత్‌లో రన్‌వే పనులు జరుగుతున్నాయి కాబట్టి, కిన్‌లాస్ బ్యారక్స్‌లో! పనికిరాదని పక్కన పెట్టిన రన్‌వే మీదే కొత్త విమానం వాలింది.

అదే తీరంలో ఇంకాస్త దక్షిణాన లూకర్స్ ఉంది. 2015 మార్చిలో వాయుసేన దాన్ని ఆర్మీకి అప్పగించింది, జర్మనీ నుంచి వచ్చిన రెజిమెంట్ అక్కడ దిగింది. అక్కడా రన్‌వే ఉంచారు. 2020లో లాసీమౌత్ ఫైటర్లు తాత్కాలికంగా వచ్చి అక్కడి నుంచే డ్యూటీ చేశాయి.

ఇక ఇంగ్లండ్ దక్షిణ తీరంలో థార్నీ ఐలాండ్. 1938లో తెరిచిన స్టేషన్. 1940 ఆగస్టు 18న జర్మన్ స్టూకాలు దాని మీద బాంబులు వేశాయి. 1976లో వాయుసేన వెళ్లిపోయింది. మధ్యలో కొన్నాళ్లు వియత్నాం నుంచి పడవల్లో పారిపోయి వచ్చిన శరణార్థులను ఆ ఖాళీ క్వార్టర్లలో ఉంచారు. 1980ల్లో రాయల్ ఆర్టిలరీ వచ్చింది, ఇప్పుడు దాని పేరు బేకర్ బ్యారక్స్. తీరం వెంబడి నడిచే మామూలు జనానికి దారి ఉంది గానీ, గేటు దగ్గర బజర్ నొక్కి, ఎవరో చెప్పి లోపలికి పోవాలి. బేస్ లోపల ఒక పాత చర్చి, నాలుగు ఇళ్ల పల్లె అలాగే ఉన్నాయి. మన గోల్కొండ పక్కన ఆర్టిలరీ సెంటర్ రోడ్ల మీద వెళ్లేవాళ్లకి ఈ సీన్ కొత్తేమీ కాదు. చెక్‌పోస్టు, ఐడీ కార్డు, స్పీడ్ లిమిట్ బోర్డు, లోపల ఎప్పటివో గోడలు.

ఈ మూడు చోట్లా ఒక్క విషయం కామన్. ఎయిర్‌ఫీల్డ్ నుంచి విమానాలు పోయాయి, రక్షణ శాఖ మాత్రం పోలేదు. భూమి యూనిఫాం మార్చుకుంది, అంతే. పైలట్ బదులు ఇంజనీర్ వచ్చాడు.

మన దగ్గర జరిగింది వేరు

ఇప్పుడు అరక్కోణం సంగతి. తిరుపతి నుంచి చెన్నై వెళ్లే రైల్లో దాటే ఊరు. అక్కడ యుద్ధకాలపు ఎయిర్‌స్ట్రిప్ దశాబ్దాలు పడావు పడి ఉంది. నేవీ దాన్ని మళ్లీ కట్టింది. 1992 మార్చి 11న ఐఎన్ఎస్ రాజాలిగా కమిషన్ చేశారు. నాలుగు కిలోమీటర్లు దాటిన రన్‌వే. 2013 మేలో మన మొదటి పీ-8ఐ అక్కడే దిగింది. బ్రిటన్‌కు మొదటి పీ-8 రావడానికి దాదాపు ఏడేళ్ల ముందు! వాళ్లు వేసిన రన్‌వేను మనం పెద్దది చేసి, వాళ్ల కంటే ముందే ఆ విమానాన్ని దించాం. వాళ్లేమో తమ తీరంలో ఉన్న రన్‌వే పక్కన బ్యారక్స్ పెట్టుకున్నారు. ఇది గొప్పలు చెప్పుకోవడానికి కాదు. ఎయిర్‌ఫీల్డ్‌ను ఒకసారి వదిలేశాక మళ్లీ కావాలంటే ఎంత ఖర్చో, ఎంత టైమో చూపించడానికి.

విశాఖ డేగ ఈ రెండింటికీ మధ్యలో లేదు. అది ఇప్పటికే పూర్తిగా పనిచేస్తున్న బేస్. ఇక్కడి నుంచి ఏళ్ల తరబడి తిరిగిన సీకింగ్ యూహెచ్-3హెచ్ హెలికాప్టర్లు 2024 జూన్‌లో రిటైరయ్యాయి. 2022 జులైలో కొత్త ధ్రువ్ మార్క్-3 హెలికాప్టర్ల స్క్వాడ్రన్ 'కెస్ట్రెల్స్' ఇక్కడే మొదలైంది. డోర్నియర్ గస్తీ విమానాలూ ఉన్నాయి. ప్యాసింజర్ ఫ్లైట్లు తప్పుకుంటే నేవీకి దక్కేది ఖాళీ రన్‌వే టైమ్. ట్రైనింగ్‌కి, రాత్రి ఎగరడానికి, ఎమర్జెన్సీలకి. కాబట్టి 'బ్యారక్స్ అయిపోతుంది', 'ఫ్లాట్లు కట్టేస్తారు' అన్న ప్రచారాలకి ఆధారం లేదు. ఇల్లు ఖాళీ చేసేది అద్దెకున్నవాడు, యజమాని కాదు.

అసలు తేలాల్సింది టెర్మినల్ సంగతి. రన్‌వే నేవీది అయినా, మనం చెకిన్ చేసే బిల్డింగ్, పార్కింగ్ ఉన్న ముక్క ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ చేతిలో ఉంది. 2009లో కట్టిన బిల్డింగ్, ఇంకా కొత్తదే. దాన్ని ఏం చేస్తారు? బేగంపేట వైపు చూస్తే కాస్త ఐడియా వస్తుంది. అక్కడ వీఐపీ విమానాలు దిగుతాయి, రెండేళ్లకోసారి వింగ్స్ ఇండియా షో జరుగుతుంది, మిగతా రోజుల్లో పెద్దగా సందడి ఉండదు. పద్దెనిమిదేళ్లు అవుతున్నా ఆ జాగా ఎవరూ వేలం వేయలేదు. వేయలేరు కూడా. పైగా ఇప్పుడు ప్యారడైజ్ నుంచి డెయిరీ ఫామ్ దాకా అనుకున్న ఎలివేటెడ్ కారిడార్‌కు బేగంపేట రన్‌వే దగ్గర పైనుంచి పోయే వీల్లేక, అక్కడ సొరంగం ప్లాన్ చేయాల్సి వచ్చింది. కంటోన్మెంట్ భూముల కోసం రాష్ట్రం ఢిల్లీ చుట్టూ ఎన్నేళ్లు తిరిగిందో, 2024 మార్చిలో పర్మిషన్ ఎలా వచ్చిందో హైదరాబాద్ వాళ్లకి చెప్పక్కర్లేదు.

గోవా వాళ్లు తీసుకున్న దారి వేరు. దబోలిం కూడా నేవీ ఎయిర్‌ఫీల్డే, ఐఎన్ఎస్ హంస. పోర్చుగీసు వాళ్లు కట్టింది. 1961 డిసెంబరులో మన వాయుసేనే దాని మీద బాంబులు వేసింది, ఆ తర్వాత నేవీ తీసుకుంది. 2023 జనవరి 5న మోపాలో కొత్త ఎయిర్‌పోర్టు మొదలైంది. అదీ జీఎంఆర్‌దే. అయినా దబోలిం మూయలేదు. కొన్ని ఎయిర్‌లైన్స్ మోపాకి వెళ్లిపోయాయి, దక్షిణ గోవా వాళ్లు గొడవ చేశారు, కానీ రెండూ నడుస్తున్నాయి. మరి గోవాకి కుదిరింది విశాఖకి ఎందుకు కుదరదు? అక్కడ దబోలిం తెరిచే ఉంటుందన్న హామీ ముందే ఉంది. ఇక్కడ మూసేస్తామన్న మాట ముందే ఇచ్చేశారు. కొత్త ఎయిర్‌పోర్టులో డబ్బు పెట్టినవాడు పాతది పక్కనే నడుస్తుంటే ఊరుకోడు. ఇది వ్యాపారం లెక్క, తప్పుపట్టలేం. కానీ ఆ మాట ఇచ్చేటప్పుడు గాజువాక, అనకాపల్లి, అచ్యుతాపురం జనాన్ని అడిగారా అన్నది మాత్రం అడగాల్సిన ప్రశ్న.

తుఫాను వచ్చినప్పుడు?

ఇంకో కోణం ఉంది, దాని గురించి ఎక్కువ మాట్లాడుకోవడం లేదు. 2014 అక్టోబరు 12. హుద్‌హుద్. టెర్మినల్ పైకప్పు లేచిపోయింది, అద్దాలు పగిలి లోపలికి నీళ్లు వచ్చాయి. ఆ ఫొటోలు ఇప్పటికీ కళ్లముందు ఉన్నాయి. ప్యాసింజర్ సర్వీసులు 17వ తేదీకి గానీ మళ్లీ మొదలవ్వలేదు. కానీ రన్‌వే మాత్రం రెండు రోజుల్లోనే పనిచేసింది. 14న ప్రధాని మోదీ అక్కడే దిగి నష్టం చూశారు. టెర్మినల్ పోయినా ఎయిర్‌ఫీల్డ్ నిలబడింది, ఎందుకంటే దాని వెనక నేవీ ఉంది.

భోగాపురం కూడా సముద్రం ఒడ్డే. రేపు ఇంకో హుద్‌హుద్ దాన్ని తాకితే, 45 కిలోమీటర్ల దూరంలో సిద్ధంగా ఉన్న రెండో రన్‌వే ప్రాణాలు కాపాడుతుంది. లూకర్స్, కిన్‌లాస్‌లలో రన్‌వేలు ఉంచింది అందుకే. మన కొరిశపాడు దగ్గర హైవేనే రన్‌వేగా కట్టి, 2022 డిసెంబరు 29న యుద్ధ విమానాలతో ట్రయల్ చేసింది కూడా అందుకే. తీరంలో ఒక్క రన్‌వే మీద ఆధారపడటం ఎవరికీ ఇష్టం లేదు.

కాబట్టి అడగాల్సింది 'ఆ భూమి ఎవరికి?' అని కాదు. అత్యవసరం వస్తే పౌర విమానాలను డేగలో దించడానికి ఏర్పాటు ఉంటుందా? అంబులెన్స్ విమానాలకు, సహాయ సామగ్రి తెచ్చే విమానాలకు టెర్మినల్లో కొంత భాగం, కొంతమంది స్టాఫ్ ఉంచుతారా? 30 ఏళ్ల మూసివేత అంటే వీటికి కూడా తలుపులు మూసినట్టేనా? ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ, నేవీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి కూర్చుని రాసుకోవాల్సిన కాగితం ఇది. మారే తేదీకి ముందే రాసుకోవాలి. బేగంపేట మూసేటప్పుడు అందరి దృష్టి షరతుల మీద, రిబ్బన్ కటింగ్ మీద ఉంది. దారి సంగతి ఏడాదిన్నర తర్వాత గుర్తొచ్చింది.

ఇక కోకాపేట, గచ్చిబౌలి నుంచి ఊరికెళ్లే వైజాగ్ వాళ్లకి ప్రాక్టికల్‌గా ఒక మాట. టికెట్ బుక్ చేసేటప్పుడు ఇకనుంచి ఏ ఎయిర్‌పోర్టో ఒకసారి చూసుకోండి. మారే టైమ్‌లో పాత అలవాటుతో ఇంట్లోవాళ్లు ఎన్ఏడీ జంక్షన్ దాటి షీలానగర్ వైపు కారు తెచ్చేసి, మీరు భోగాపురంలో దిగే ప్రమాదం ఉంది. అన్నట్టు, ఆ ఎన్ఏడీ అంటే ఏంటో తెలుసా? నేవల్ ఆర్మమెంట్ డిపో. రోజూ లక్ష మంది ఆ పేరు చెప్పి బస్సెక్కుతారు, దిగుతారు. పక్కనే ఉన్న ఆయుధాల డిపో సంగతి ఎంతమందికి గుర్తుంటుందో మరి.

కొండల మధ్యలోకి సముద్రం వైపు నుంచి దిగే ఆ ల్యాండింగ్ ఇష్టమున్నవాళ్లు, మారేలోపు ఒకసారి కిటికీ సీటు బుక్ చేసుకోండి. ఫొటో మాత్రం తీయకండి.